పిడికెడు బియ్యము

పెద్దలు గతించిన పిమ్మట వారు మనకేమి విడిచి వెళ్ళినారని లెక్క చూచుకొనుట లోకములో వాడుక. కొందరికి పొలము దక్కును, కొందరికి ఇల్లు, కొందరికి అప్పు. మా అవ్వ పోయిన తరువాత మాకు దక్కినది ఒక మట్టికుండ. నల్లని కుండ, మూతి అంచు ఒకచోట పెచ్చు లేచినది, పైన సత్తుమూత. బోడుప్పల్‌లోని మా ఇంట, వంటగది మూలన, పొయ్యికి కుడివైపున నలుబది ఏండ్లకు పైగా ఆ కుండ కదలక నిలిచినది. ఆ కుండను గురించి, దానిని నింపిన చేతిని గురించి నేడు నాలుగు మాటలు చెప్పదలచినాము. అవ్వకు మనుమలు, మనుమరాండ్రు కలిసి మేము నలుగురము. చెప్పే నోరు ఒకటే అయినను జ్ఞాపకము నలుగురిది. కనుక 'మేము' అనియే చెప్పెదము.

అవ్వ పుట్టినది మెదకు ప్రాంతమున. ఆ సీమకు మెతుకుసీమ యని పేరు. మెతుకు అనగా ఉడికిన అన్నపు గింజ. పేరులోనే అన్నమున్న ఆ సీమలో, అవ్వ తల్లి చిన్నతనమున, అన్నమే కరవైనది. అవి మొదటి ప్రపంచ యుద్ధపు రోజులు. వానలు లేక చేలు ఎండినవి. అప్పుడు మెదకులో వెస్లియన్ మిషను పాదిరిగా ఉన్న చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఒక పెద్ద దేవాలయ నిర్మాణమునకు పూనుకొని, ఆకలితో వచ్చినవారికి ఊరక అన్నము పెట్టక పని చూపి, పనికి ప్రతిఫలముగా తిండి పెట్టినారు. 1914లో మొదలైన ఆ పని పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25న, క్రీస్తు జన్మదినమున దేవాలయ ప్రతిష్ఠ జరిగినది. దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గోపురము ఎత్తు 175 అడుగులు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన తరువాత అదియే మెదకు అధ్యక్ష ఖండమునకు ప్రధాన దేవాలయమైనది.

ఆ కట్టడమునకు సున్నపు గంపలు మోసిన పిల్లలలో మా ముత్తవ్వ ఒకతె. మా చిన్ననాట క్రిస్మసు వెళ్ళిన మరునాడు అవ్వ మమ్ము నలుగురిని బస్సు ఎక్కించి మెదకు తీసికొని వెళ్ళేది. చూడవచ్చిన వారందరు తలలెత్తి రంగుటద్దాల కిటికీలను చూచేవారు. మేమును అంతే. అవ్వ మాత్రము పైకి చూచేది కాదు. గోడ దగ్గరకు పోయి, నడుము ఎత్తున ఉన్న ఒక రాతి మీద అరచేయి ఉంచి కొంతసేపు నిలిచేది. "మా అమ్మ మోసిన సున్నం ఇండ్ల యాడ్నో ఉంది బిడ్డా. కూలికి గింజలిచ్చిన్రు. ఆ గింజలతోనే మేం బతికినం" అనేది. అవ్వ మతమునకు మూలమేదని ఎవరైన అడిగినచో మేము గ్రంథములు చూపలేము; ఆ అరచేతిని చూపగలము.

మా తాతగారిది తాపీపని. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఏర్పడినది. హబ్సిగూడ, ఉప్పల్ దారిలో ఒకదాని వెంట ఒకటి కట్టడములు లేచుచున్న ఆ కాలమున, 1963లో, ఆయన పని వెదకికొనుచు మెదకు విడిచి ఇటు వచ్చినారు. పట్టణమునకు దగ్గర, భూమి ధర తక్కువ. అందుచేత బోడుప్పల్‌లో కాపురము పెట్టినారు. అప్పటి బోడుప్పల్ ఒక పల్లెటూరు. వరంగల్ రోడ్డు దిగి లోనికి నడిచినచో జొన్నచేలు, తుమ్మచెట్లు, అక్కడక్కడ బావులు. ఆ ఊరే 2016లో పురపాలక సంఘమై, 2019లో నగరపాలక సంస్థ అయినది. 2017లో ఉప్పల్‌కు మెట్రో రైలు వచ్చినది. ఇవి యేవియు అవ్వ చూడలేదు. ఆమె ఎరిగిన వాహనములు రెండు కాళ్ళే.

ఆదివారము ఆ కాళ్ళకు విశ్రాంతి ఉండేది కాదు. తెల్లవారకముందే లేచి, వాకిలి ఊడ్చి, స్నానము చేసి, పెట్టెలోని తెల్లచీర కట్టుకొని బయలుదేరేది. దేవాలయము నాలుగైదు కిలోమీటర్ల దూరము. బస్సు ఉన్న రోజులలో కూడ పోవుటకు నడిచియే పోయేది. రాకకు మాత్రము, మా చిన్నవారి కోసము, బస్సు ఎక్కేది. మిగిల్చిన ఆ బస్సు పైసలు కానుకసంచిలో పడేవి. మొదటి గంట మ్రోగకముందే ఎడమవైపు స్త్రీల చాపల మీద, స్తంభము ప్రక్కన కూర్చుండేది. ఆ చోటు ఆమెదని ఎవరును వ్రాసి పెట్టలేదు. అయినను ఎవరును అక్కడ కూర్చుండేవారు కారు.

అవ్వకు చదువు రాదు. కాని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఆమెకు నోటికి రానివి తక్కువ. పంతొమ్మిదవ శతాబ్దమున జీవించిన పురుషోత్తమ చౌదరిగారు మొదలైన పెద్దలు మన దేశపు రాగతాళములలో కీర్తనలు కట్టుట వలన, అక్షరము రాని తల్లులు కూడ వానిని చెవితో పట్టి నోట నిలుపుకొనగలిగినారు. మేము పుస్తకము చూచి పాడుచు తప్పినప్పుడు, పుస్తకము లేని అవ్వ మమ్ము దిద్దేది. ఒకనాడు మాలో పెద్దది ఆమెకు అక్షరములు నేర్పబూనినది. 'అ' దిద్దుటకు మూడు రోజులు, 'ఆ'కు నాలుగు రోజులు పట్టినది. ఎనిమిదవ నాడు అవ్వ పలక తిరిగి ఇచ్చి, "నువ్వు సదువు బిడ్డా, నేను ఇంట. సదివేటోళ్ళకు ఇనేటోళ్ళు గూడ గావాలె గద" అన్నది.

ఇక కుండ విషయము. పూట పూటకు బియ్యము కొలిచి చేటలో పోసిన తరువాత, కడుగుటకు ముందు, అవ్వ అందులో నుండి ఒక పిడికెడు తీసి కుండలో వేసేది. వేయునప్పుడు పెదవులు కదలేవి. మాట వినబడేది కాదు. నెలలో మొదటి ఆదివారము ఆ బియ్యమును గుడ్డలో మూటకట్టి దేవాలయమునకు మోసేది. అక్కడ ఇంటింటి మూటలు విప్పి ఒక పెద్ద గోనెసంచిలో పోసేవారు. కొన్ని నెలలలో ఆ బియ్యమును అమ్మి సంఘపు పనికి వాడేవారు. కొన్ని నెలలలో దిక్కులేనివారి ఇండ్లకు పంపేవారు.

ఇది అవ్వ కనిపెట్టిన ఆచారము కాదు. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తులైన వేదనాయకం అజరయ్యగారు, డోర్నకల్ ప్రాంతపు పేద సంఘములకు, బీదవాడు కూడ ఇవ్వగలడు, ఇచ్చుటలోనే అతని గౌరవమున్నదని బోధించినారు. డబ్బు కంటికి కనబడని పల్లెల తల్లులు వంటకు ముందు పిడికెడు గింజలు తీసి ఉంచుట ఆ సంఘములలో అలవాటైనది. దేశపు ఈశాన్యమున మిజోరాంలో కూడ 1910 నుండి క్రైస్తవ స్త్రీలు ఇట్లే పిడికెడు బియ్యము తీసి సంఘమును పోషించుచున్నారు. ఇది క్రైస్తవులకు మాత్రమే చెందిన సంగతియు కాదు. మాకు తూర్పున ఉన్న పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న భూదానోద్యమమునకు నాంది పలికిన వినోబా భావేగారు, తరువాతి కాలమున ఇంటింట సర్వోదయ పాత్ర ఉంచి, అందులో దినమునకొక పిడికెడు గింజలు పిల్లల చేత వేయించుమని కోరినారు.

మా ఎదురింటి పెద్దమ్మ సంక్రాంతి నెలలో హరిదాసు గిన్నెలో బియ్యము పోసేది. ఆమెయు అవ్వయు మంచి స్నేహితులు. బతుకమ్మకు మా పెరటి గుమ్మడిపూలు ఆ ఇంటికి పోయేవి. క్రిస్మసుకు మా ఇంటి అరిసెలు పోయేవి. ఒకనాడు ఎవరో పిల్లవాడు హరిదాసును ముష్టివాడన్నాడు. పెద్దమ్మ కోపించినది. మా ఉపాధ్యాయులొకరు ఆ మాటకు అర్థము చెప్పినారు. ముష్టి యనగా పిడికిలి. పిడికెడు గింజలు ఇచ్చుటకు ఆ పేరు వచ్చినది. పిదప లోకము పుచ్చుకొనువానిని చిన్నచూపు చూచి మాటను చెడగొట్టినది. ఈ సంగతి విని అవ్వ నవ్వి, "మాట చెడ్డది గాదు, చూపు చెడ్డది" అన్నది. ఆ మాట విలువ మాకు తెలియుటకు కొన్నాళ్ళు పట్టినది.

మా నాయనగారు నాచారము పారిశ్రామికవాడలో ఒక కర్మాగారమున పనిచేసేవారు. 1984లో ఆ కర్మాగారము మూతపడినది. అప్పటికి తాతగారు లేరు. ఇంట అవ్వ, అమ్మ, నాయనగారు, మేము నలుగురము, వెరసి ఏడుగురము. అంతకు ముందటి ఏడు, 1983లో, నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకము పెట్టియుండుట వలన మేము బ్రతికినాము. మనిషికి 5 కిలోలు. అయితే కుటుంబములో ఎంతమంది ఉన్నను నెలకు 25 కిలోలకు మించదు. ఏడుగురికి 25 కిలోలు. పైన కొనుటకు చేతిలో ఏమియు లేదు. అమ్మ నాలుగిండ్లలో పనికి కుదిరినది. నాయనగారు తెల్లవారి ఉప్పల్ చౌరస్తాలో కూలికి నిలిచి, పిలిచినవారు లేక మధ్యాహ్నమునకు తిరిగి వచ్చిన రోజులే ఎక్కువ.

ఒక రాత్రి నాయనగారు కుండ వంక చూచి, "అమ్మా, ఇగ అది ఆపు" అన్నారు. అవ్వ మాటాడలేదు. మాలో లెక్కలు వచ్చిన అన్న, కిరాణా దుకాణపు తక్కెడలో అవ్వ పిడికెడు బియ్యమును తూపించి వచ్చినాడు. 50 గ్రాములు. రెండు పూటలకు 100 గ్రాములు. నెలకు 3 కిలోలు. "25 కిలోలలో 3 కిలోలు పోయిన, మేము తినేది 22 కిలోలే" యని లెక్క అప్పగించినాడు. లెక్క తప్పు కాదు. అవ్వ విని, తల ఊపి, మరునాడు ఉదయము యథాప్రకారము పిడికెడు తీసి కుండలో వేసినది. నాయనగారు చెంబు విసరికొట్టి బయటికి పోయినారు. వారు అవ్వ ఎదుట గొంతు పెంచుట మేము చూచినది ఆ నెలలలోనే.

ఆ వానకాలమున ఒక ఆదివారము సాయంకాలము సంఘపు పెద్దలు ఇద్దరు మా వాకిటికి వచ్చినారు. వారి సైకిలు మీద ఒక సంచి. పని పోయిన కుటుంబములకు ఆ నెల బియ్యము పంచవలెనని సంఘము తీర్మానించినదట. పట్టికలో మా ఇల్లు ఉన్నదట. నాయనగారి ముఖము నల్లబడినది. "అడుక్కుతినే గతి మాకింకా పట్టలేదు. తీసుకపోండ్రి" అన్నారు. వచ్చినవారు ఏమి తోచక నిలిచినారు. అవ్వ లోపలి నుండి వచ్చి, వారికి వందనములు చెప్పి, మంచినీళ్ళు ఇచ్చి, సంచిని తన చేతులతో దించుకొన్నది. వారు పోయిన తరువాత కుమారుని వైపు తిరిగి ఇట్లన్నది:

"ఇచ్చేటప్పుడు ఎవ్వలింటికి పోయిందో నేను అడగలె కొడుకా. తీసుకున్నోళ్ళు సిగ్గుపడ్డరో లేదో సూడలె. ఇయ్యాల మన వంతు. ఇచ్చుడొక్కటే నేర్చుకొని, తీసుకునుడు నేర్వకపోతే, ఇచ్చినప్పుడు మనం గొప్పోళ్ళమనుకున్నట్టే గద."

ఆ సంచి విప్పినప్పుడు మేము చూచిన బియ్యమును మరువలేము. అది ఒక రకపు బియ్యము కాదు. సన్నము, దొడ్డు, పాతవి, కొత్తవి, తెల్లనివి, కొంచెము ఎఱ్ఱని పొర ఉన్నవి, నూకలు, అన్నియు కలిసినవి. ఎన్ని ఇండ్ల కుండలో అన్ని రకములు. వాని నడుమ మా అవ్వ వేసిన రేషను బియ్యము కూడ ఉండియుండవలెను. అమ్మ పొయ్యి మీద పెట్టగా, సగము మెత్తనై, సగము పలుకుగా మిగిలినది. చిన్నవాడు నోట పెట్టుకొని ముఖము చిట్లించినాడు. కాని ఆ వండుటకు ముందు జరిగినది చెప్పవలెను. అమ్మ చేటలో బియ్యము పోయగానే అవ్వ వంగి, ఆ దానపు బియ్యములో నుండి కూడ ఒక పిడికెడు తీసి కుండలో వేసినది. నాయనగారు గడప మీద కూర్చుండి అది చూచినారు. ఆ రాత్రి వారు మాటాడక తిన్నారు.

పరిశుద్ధ గ్రంథములో సారెపతు ఊరి విధవరాలి కథ కలదు. కరవు కాలమున ఆమె తొట్టిలో పిడికెడు పిండి మాత్రమే మిగిలియుండగా, ప్రవక్త వచ్చి మొదట తనకొక అప్పము చేసి తెమ్మని అడిగెను, ఆమె తెచ్చెను, కరవు తీరువరకు ఆ పిండి తరుగలేదు. మా ఇంట అట్టి అద్భుతము జరుగలేదు. మా డబ్బాలో బియ్యము రోజు రోజుకు తరిగినది. మఱి ఏడుగురము ఆ 22 కిలోలతో ఎట్లు గడిపినాము? ఈ ప్రశ్న మాకు చిన్ననాట తోచనే లేదు. మాకు ఆకలి గుర్తు లేదు.

జవాబు మాకు 2006లో తెలిసినది. ఆ సంవత్సరము అవ్వ కన్నుమూసినది. అంత్యక్రియలు జరిగిన మూడవ నాటి రాత్రి, ఇంట చుట్టములు నిదురించిన తరువాత, అమ్మ మా నలుగురిని పిలిచి చెప్పినది. ఆ కఱవు నెలలలో అవ్వ అందరి తరువాత కూర్చుండేది. అన్నము వార్చిన గంజిలో ఉప్పు వేసికొని, ఒక పచ్చిమిరపకాయ కొరుకుకొని త్రాగేది. "నాకు గంజే ఇష్టం" అనేది. మేము నమ్మినాము. పిల్లలు పెద్దల ఇష్టములను ప్రశ్నింతురా? అమ్మ ఒకనాడు కనిపెట్టి, తన పళ్ళెము ఆమె ముందు పెట్టగా, అవ్వ అమ్మ చేయి పట్టుకొని, "కుండల ఏసేది నా పాలు. నా కొడుకుది గాదు, నీ పిల్లలది గాదు. నాది నేనిచ్చుకుంటున్న. ఈ మాట ఇంట్ల చెప్పకు" అని ఒట్టు వేయించుకొన్నదట. ఇరువదిరెండేండ్లు అమ్మ ఆ ఒట్టు నిలుపుకొన్నది.

అన్న లెక్క అప్పుడు మరల చేసినాడు. నెలకు 3 కిలోలు. 25 కిలోలను ఏడుగురికి పంచిన ఒకరి పాలు మూడున్నర కిలోలు. పిడికెడు పిడికెడుగా కుండలో పడినది ఇంచుమించు ఆమె భోజనమంతయు. మొదటి లెక్కలో అతడు బియ్యమును తూచినాడు గాని, అవి ఎవరి పళ్ళెములోనివో చూడలేదు.

ఈ కథ విన్నవారు అవ్వను పుణ్యాత్మురాలని కొనియాడుదురు. మా నలుగురిలో మాత్రము ఏకాభిప్రాయము లేదు. అది దాచుట న్యాయము కాదు. ఆ సంవత్సరపు చివరను అవ్వ రెండు మారులు కళ్ళు తిరిగి పడినది. ఒంట రక్తము లేదని వైద్యులన్నారు. ఆ నీరసము ఆమెను తుదివరకు పూర్తిగా విడువలేదు. మా అన్న నేటికిని ఒప్పుకొనడు. దేవుడు ముసలిదాని నోటి ముద్ద అడుగునా, ఆమె మాకు చెప్పియుండిన మేము తలా ఒక ముద్ద తగ్గించుకొనియుండమా యని అతని వాదము. అక్క వాదము వేరు: అవ్వ తల్లిని బ్రతికించినది ఒకరు కొలిచి ఇచ్చిన గింజలు, ఆ ఋణము తీర్చుట అవ్వకు తిండికన్న ముఖ్యము, దానిని మానుమనుటకు మనమెవరము? ఇద్దరి మాటలలోను నిజమున్నది. మాకు మిగిలిన బాధ వారి వాదములలో లేదు. ఆరు నెలలు ఒకే గదిలో, ఒకే దీపపు వెలుగున, ఆమె ప్రక్కన కూర్చుండి తిన్నాము. ఆమె పళ్ళెములో ఏమున్నదో ఒక్కనాడును చూడలేదు.

అపొస్తలుడైన పౌలు తన శిష్యుడైన తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, అతని విశ్వాసమునకు మూలము చెప్పుచు, అతని అవ్వయైన లోయిని పేరుపెట్టి స్మరించినాడు. తెలుగు బైబిలులో అవ్వ యను మాటయే వాడినారు. ఆమె ఏమి బోధించినదో పౌలు వ్రాయలేదు. బహుశః ఆమె కూడ నోటితో బోధించియుండదు. ఏదో ఒక మూలన ఒక కుండ నింపియుండును.

అవ్వ కన్నుమూసిన నాడు జరిగిన ఒక్క సంగతి చెప్పి ముగించెదము. సమాధి స్థలము నుండి తిరిగి వచ్చునప్పటికి పొద్దు వాలినది. ఎదురింటి పెద్దమ్మ వచ్చినవారందరికి అన్నము వండుటకు పూనుకొని, చేటలో బియ్యము పోసినది. పెరటిలో కాళ్ళు కడుగుకొని వచ్చిన నాయనగారు వంటగది గడప దగ్గర ఆగినారు. ఒకనాడు ఆ కుండ కొరకే చెంబు విసరికొట్టిన మనిషి వారు. లోనికి వచ్చి, వంగి, చేటలో నుండి ఒక పిడికెడు తీసి కుండలో వేసినారు. పెదవులు కదలినవి; మాట వినబడలేదు. ఆ తరువాత వారు జీవించినన్నాళ్ళు ఆ పని మానలేదు.

కుండ నేడు అక్క ఇంట ఉన్నది. మా ఇండ్లలో ఎవరు దేవాలయమునకు పోవుదురు, ఎవరు పోరు అను సంగతి అటుంచుడు. కాని మా నలుగురి ఇండ్లలోను ఇప్పుడొక నియమము కలదు. అందరును ఒక్కసారే కూర్చుండి తినవలెను. వడ్డించువారి పళ్ళెము మొదట నింపవలెను. అవ్వ పోయిన తరువాత మేము నేర్చుకొన్న పాఠమిది. శ్రోతలలో ఈ రాత్రి భోజనమునకు కూర్చుండబోవువారు చాలమంది ఉందురు. ఒక్క క్షణము ఆగి, ఇంట చివరకు తినువారెవరో, వారి పళ్ళెములో ఏమున్నదో చూడుడని మా మనవి. వారు గంజియే ఇష్టమని చెప్పవచ్చును. నమ్మకుడు.